గట్టున నిలబడి తిడితే మొలుస్తాయా?
(తరగతిగదిలో చర్యాత్మక పరిశోధన)

– తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి

పరిశోధన అనే మాట వినగానే మనలో చాలామందికి తెల్లకోటు తొడుక్కొన్న పెద్దమనిషీ, వరసగా పేర్చిన గాజుకుప్పెలూ, పేరుకు ముందు వచ్చి చేరే డాక్టరు బిరుదూ కళ్ళముందు కనిపిస్తాయి. అది మనకు అందే పండు కాదులెమ్మని ఊరుకొంటాం. నేనూ అట్లాగే ఊరుకొన్నాను. పరిశోధన అంటే ఎం.ఎస్సీ. తరువాతి మాట అనీ, అదీ సీటు వస్తేనే అనీ నా అభిప్రాయం. నిరుడు మా ఊరి రామాలయం అరుగుమీద పద్నాలుగుమంది పిల్లలు ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేశారు. ఆ సంగతి చెప్పి, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని నాకు తెలిసినంతలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. తప్పులుంటే అధ్యాపక మహాశయులు మన్నించాలి, దిద్దాలి.

నా పంతులుగిరీ

మాది వ్యవసాయ కుటుంబం. మూడెకరాల మెట్ట. ఒక ఎకరం మిరప, మిగిలినదాంట్లో కంది, శనగ. నేను రోజూ బస్సులో కాలేజీకి వచ్చిపోతుంటాను. సాయంత్రాలు ఏడో తరగతి పిల్లలకు కాస్త లెక్కలు చెప్పమని మా వీధివాళ్ళు అడిగితే సరేనన్నాను. డబ్బుకోసం కాదు. కొంత సేవకోసం, కొంత గొప్పకోసం అని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను. ఆ పిల్లల్లో మా తమ్ముడూ ఒకడు.

భిన్నాల కూడికతో మొదలుపెట్టాను. క.సా.గు. కనుక్కోవడం, హారాలు సమానం చేయడం, లవాలు కలపడం – అన్నీ నల్లబల్లమీద గుండ్రటి అక్షరాలతో రాసి చెప్పాను. "అర్థమైందా?" అంటే "అయిందన్నా!" అని అందరూ ఒకే గొంతుతో అరిచారు. నా బోధనకు నేనే మురిసిపోయాను.

వారం తరువాత చిన్న పరీక్ష పెట్టాను. 1/2 + 1/4 ఎంత? పద్నాలుగుమందిలో పదకొండుమంది 2/6 అని రాశారు. మా తమ్ముడూ అంతే.

నాకు వొళ్ళు మండిపోయింది. "మీ బుర్రల్లో ఏముందిరా, మట్టా?" అన్నాను. ఇంకా రెండు మూడు మాటలన్నాను, అవి ఇక్కడ రాయలేను. మర్నాడు ముగ్గురు రాలేదు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయిని గురించి వాళ్ళ ఇంట్లో, "లెక్కలు రాని చదువెందుకు, కోతలకు తీసుకుపోతే కూలన్నా వస్తుంది" అనుకొంటున్నారని మా అమ్మ చెప్పింది. అప్పుడు మిరప కోతలు మొదలవుతున్న రోజులు. నా ఒక్క సాయంత్రపు కోపం ఒక పిల్ల చదువుకు అడ్డం పడేటట్టుందని తెలిసి ఆ రాత్రి అన్నం సయించలేదు.

నాన్న అంతా విని ఒక మాటన్నారు. "మొలక రాకపోతే తవ్వి చూడాలిరా. విత్తనం పుచ్చిందా, లోతెక్కువైందా, పదును చాలలేదా, చీమలు ఎత్తుకుపోయాయా – చూస్తే గదా తెలిసేది! గట్టున నిలబడి తిడితే మొలుస్తాయా?"

సంక్రాంతికి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. అక్క బి.ఎడ్. చదువుతోంది. నాన్న అన్నమాట చెబితే నవ్వి, "ఒరేయ్, బాబాయి చెప్పినదానికి మా పుస్తకంలో పెద్ద పేరుంది. చర్యాత్మక పరిశోధన అంటారు. మేము దానిమీద ఒక రికార్డు కూడా పెట్టాలి" అన్నది. రికార్డు చూపించవే అంటే ఇంకా నవ్వింది. "అది మా సీనియరు రికార్డు. ఆ సీనియరు వాళ్ళ సీనియరుది దించింది. అందులో ఉన్న పిల్లలు ఈపాటికి పెళ్ళిళ్ళు చేసుకొని ఉంటారు!"

మనం నవ్వడానికి లేదు. భౌతికశాస్త్రం ప్రయోగశాలలో లోలకాన్ని ఊపకుండానే జి విలువ 980 దగ్గరకు వచ్చేటట్టు వెనకనుంచి లెక్కలు వేసేవాళ్ళం మనలోనూ ఉన్నాం. అయితే అక్కకు మనస్సులో గుచ్చుకొన్నట్టే ఉంది. "నీ పిల్లలున్నారు గదా, ఈసారి నిజంగా చేద్దాం పట్టు" అన్నది.

ఈ పద్ధతి ఎక్కడిది?

చర్యాత్మక పరిశోధనను ఇంగ్లీషులో యాక్షన్ రిసెర్చ్ అంటారు. ఈ మాటకు ప్రచారం తెచ్చినవాడు కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన 1890లో, నేడు పోలండ్‌లో ఉన్న మొగిల్నో అనే ఊళ్ళో యూదుల కుటుంబంలో పుట్టాడు. 1933లో హిట్లరు అధికారంలోకి వచ్చాక జర్మనీ వదిలి అమెరికా చేరాడు. 1946లో ప్రచురించిన ఒక వ్యాసంలో, పుస్తకాలు తప్ప మరేమీ పుట్టించని పరిశోధన చాలదని వాదించాడు. పని చేయడం, దాని ఫలితాన్ని పరిశీలించడం, దానినిబట్టి మళ్ళీ పథకం వేసుకోవడం – ఇట్లా మెట్టుమెట్టుగా సాగాలన్నాడు. మరుసటి ఏడే, 1947లో, చనిపోయాడు.

లెవిన్ చేసిన పనుల్లో ఒకటి ఉపన్యాసాలు వినేవారికీ ఇచ్చేవారికీ కూడా పనికివస్తుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో మంచి మాంసానికి కొరత వచ్చింది. జంతువుల గుండె, మూత్రపిండాలు మొదలైనవి కూడా వండుకొమ్మని గృహిణులను ఒప్పించాలి. వాళ్ళకవి అలవాటు లేదు, ఏవగింపు. కొన్ని బృందాలకు పోషక విలువలమీద చక్కటి ఉపన్యాసాలిచ్చారు. మరికొన్ని బృందాలలో ఆ స్త్రీలచేతనే చర్చింపజేసి, వాళ్ళనే నిర్ణయించుకోనిచ్చారు. తరువాత విచారిస్తే, అంతకుముందు ఎన్నడూ వండని ఆ మాంసాలను వండినవారు ఉపన్యాసం విన్నవారిలో నూటికి 3, చర్చలో పాల్గొన్నవారిలో నూటికి 32! అరుగుమీద నేనిచ్చింది ఉపన్యాసమేనని ఇది తెలిశాకగాని నాకు తట్టలేదు.

ఈ పద్ధతిని బడులలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలకు చెందిన స్టీఫెన్ కోరీ. పాఠశాల పద్ధతులను బాగుచేసుకోవడానికి చర్యాత్మక పరిశోధన ఎట్లా పనికివస్తుందో వివరిస్తూ ఆయన 1953లో పుస్తకం రాశాడు. ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో వచ్చిన తన గ్రంథంలో, ఎవరో పరిశోధించి చెప్పింది ఉపాధ్యాయుడు అమలుచేయడం కాదు, ఉపాధ్యాయుడే పరిశోధకుడు కావాలన్నాడు. 1980ల్లో ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ కెమిస్, రాబిన్ మెక్‌టాగర్ట్ దీన్ని నాలుగు మాటల్లోకి కుదించారు: పథకం, ఆచరణ, పరిశీలన, పునరాలోచన. మన దేశంలో 1986 జాతీయ విద్యావిధానం తరువాత ఏర్పడిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలకు – మనం డైట్ అని పిలుచుకొనేవాటికి – అప్పగించిన పనుల్లో ఇదీ ఒకటి.

ఈ నాలుగూ ఒక చుట్టు. నాలుగో మెట్టు ఎక్కాక మళ్ళీ మొదటిదానికి వస్తాం, అయితే గానుగెద్దులాగా కాదు. గానుగెద్దు ఎంత తిరిగినా అక్కడే ఉంటుంది. ఇది సర్పిలం. ప్రతి చుట్టుకూ కొంత పైకి చేరాలి.

తవ్వి చూడడం

అక్క ముందు నా ప్రశ్ననే దిద్దింది. "పిల్లలకు లెక్కలెందుకు రావు?" అని నేను రాసుకొన్నాను. "ఇది ప్రశ్న కాదు, ఫిర్యాదు. నీ చేతిలో ఉన్నదాన్ని అడుగు" అన్నది. చివరికి కుదిరిన ప్రశ్న ఇది: "భిన్నాల కూడిక చెప్పేటప్పుడు నేను ఏమి మార్చుకొంటే, పిల్లలు లవాలూ హారాలూ విడివిడిగా కలిపే పొరపాటు తగ్గుతుంది?" ఇందులో మూడు లక్షణాలున్నాయి. సమస్య చిన్నది. మార్చవలసింది నా పనిని. తగ్గిందో లేదో లెక్కపెట్టి చూడవచ్చు.

తరువాత కారణం తెలియాలి. మానేసిన ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. పంచలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది. నేనన్న మాటలకు ముందుగా తప్పు ఒప్పుకొన్నాను. ఆ తరువాత, "2/6 ఎట్లా వచ్చిందో చెప్పమ్మా, తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి" అన్నాను. కాసేపు తల ఎత్తలేదు. ఆపైన అన్నది: "బళ్ళో ఒక పరీక్షలో పదికి ఏడు, ఇంకోదాంట్లో పదికి ఎనిమిది వస్తే, ఇరవైకి పదిహేను అంటారు గదన్నా. పైవి పైన, కిందవి కింద కలిపాను."

నాకు నోట మాట రాలేదు. మార్కులను మనం 7/10, 8/10 అని భిన్నంలాగే రాస్తాం, 15/20 అని అట్లాగే కలుపుతాం. ఆ పిల్ల తప్పు చేయడం లేదు, ఒకచోట చెల్లిన నియమాన్ని ఇంకోచోట వాడుతోంది. మార్కుల్లో రెండు పేపర్లు కలిసి కొత్త మొత్తం అవుతాయి. భిన్నాల కూడికలో మొత్తం ఒక్కటే, అది మారదు. ఈ తేడా నేను చెప్పనేలేదు. నాకే తోచలేదు. విత్తనం పుచ్చు కాదు, విత్తింది లోతులో.

మొదటి చుట్టు

పథకం: భూమి పిల్లలకు తెలుసు. ఎకరానికి వంద సెంట్లని ఏడో తరగతి పిల్లవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. కళ్ళంలో తాడుతో ఒక చతురస్రం గీసి అది ఎకరం అనుకొందామన్నాను. క.సా.గు. మాట ఎత్తకుండా, ముందు అంచనా అడగాలని అనుకొన్నాను.

ఆచరణ: "మీ నాన్నకు అర ఎకరం ఉంది. పావు ఎకరం కొన్నాడు. ఇప్పుడు అర ఎకరానికి ఎక్కువా, తక్కువా?" ఈ ప్రశ్నకు నవ్వారు. "2/6 అంటే ఎకరంలో మూడో వంతు, సుమారు ముప్పైమూడు సెంట్లు. యాభై సెంట్లవాడు ఇరవై అయిదు సెంట్లు కొంటే ముప్పైమూడు అవుతాయా?" అన్నాను. "భూమి కొంటే తగ్గుద్దా అన్నా!" అని మా తమ్ముడు అరిచాడు. నాలుగు సాయంత్రాలు ఇట్లా గడిచాయి. ఆ అమ్మాయి రెండో రోజునుంచి వచ్చింది. మిగతా ఇద్దరూ కూడా వచ్చారు.

పరిశీలన: ఒకరోజు అక్క వెనుక కూర్చుని, గడియారం పెట్టుకొని నా ప్రశ్నలు లెక్కపెట్టింది. నలభై నిమిషాల్లో ఇరవైమూడు అడిగానట. వాటిలో తొమ్మిదింటికి నేనే జవాబు చెప్పేశాను. మరో పదింటికి ముందు వరస ఇద్దరే చెప్పారు. అయిదో రోజు అట్లాంటి లెక్కలే కొత్తవి ఇచ్చాను. పాత పొరపాటు చేసినవారు పదకొండునుంచి అయిదుకు తగ్గారు.

పునరాలోచన: సంతోషించాను. అక్క మాత్రం, "ఆ అయిదుగురు ఎవరో చూశావా?" అన్నది. చూస్తే అయిదుగురూ వెనుక వరసవాళ్ళే. నా తరగతిలో ఒక్కసారైనా నోరు విప్పని పిల్లలే. మొత్తం తీస్తే బాగానే ఉంది, విడదీస్తే నిజం బయటపడింది.

రెండో చుట్టు

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగాలి అన్నదానిమీద అమెరికాలో మేరీ బడ్ రో అనే విజ్ఞానశాస్త్ర విద్యావేత్త 1970ల్లో ప్రసిద్ధమైన పరిశోధన చేసింది. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని ఆమె గమనించింది. మూడు సెకన్లు లేక అంతకు మించి ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, అంతవరకూ మాట్లాడనివాళ్ళు కూడా మాట్లాడతారు. నేను ఆ ఒక్క సెకను కూడా ఆగడం లేదని, సెల్‌ఫోనులో నా పాఠాన్ని రికార్డు చేసుకొని విన్నప్పుడు తెలిసింది. వినడానికి సిగ్గేసింది. అందరూ ఒకసారి తమ గొంతు తాము వినాలి.

ఈసారి రెండే మార్పులు. ప్రశ్న అడిగి మనస్సులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాలి. జవాబు ఎవరూ పైకి చెప్పకూడదు. పలకమీద రాసి, నేను "ఎత్తండి" అన్నప్పుడు అందరూ ఒక్కసారి ఎత్తాలి. మూడు సెకన్లు ఎంత పొడవో ఆగి చూసినవాడికే తెలుసు. పలకలు లేచాక మాత్రం ఎవరికి రాలేదో దాచడానికి లేకపోయింది. వారం తరువాత పాత పొరపాటు చేసినవారు ఇద్దరు.

మూడు వారాలు ఆగి, చెప్పకుండా మళ్ళీ పరీక్షించాను. నలుగురు అయ్యారు. ఈ అంకె దాచేస్తే రికార్డు అందంగా ఉండేది. అక్కే రాయమన్నది. "ఇన్నాళ్ళూ దించిన రికార్డుల్లో అందరికీ అన్నీ వచ్చేశాయి. అందుకే అవి అబద్ధాలు" అన్నది.

ఇంకో చిక్కు కూడా బయటపడింది. 1/2 + 1/3 దగ్గర ఎకరం మొరాయించింది. వంద సెంట్లలో మూడో వంతు తెగదు. దానికి గడియారం పనికివచ్చింది. అరగంట ముప్పై నిమిషాలు, గంటలో మూడో వంతు ఇరవై. కలిపితే యాభై, అంటే గంటలో 5/6. హారాలు రెండింటికీ తెగే సంఖ్య కావాలని పిల్లలే అన్నప్పుడు, క.సా.గు. ఎందుకో నేను చెప్పనక్కరలేకపోయింది. అది మూడో చుట్టు.

ఇది శాస్త్రమేనా?

సైన్సు విద్యార్థిగా నాకొక అనుమానం వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. పోల్చి చూడడానికి ఇంకో జట్టు లేదు. పిల్లలు పద్నాలుగుమందే. తగ్గుదలకు కారణం ఎకరమా, పలకలా, అదనపు సాధనా, లేక నేను తిట్టడం మానడమా – విడదీసి చెప్పలేను. అక్క వెనుక కూర్చున్నదనే పిల్లలు శ్రద్ధపెట్టి ఉండవచ్చు. ఇవన్నీ నిజమైన లోపాలే.

దీనికి జవాబు నాకు వ్యవసాయంలోనే దొరికింది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్, పొలాన్ని మడులుగా చేసి, ఏ మడికి ఏ ఎరువన్నది యాదృచ్ఛికంగా కేటాయించి పోల్చే పద్ధతిని స్థిరపరిచాడు. 1935లో వచ్చిన ఆయన పుస్తకం నేటికీ ప్రయోగ రచనకు పునాది. అన్ని పొలాలకూ వర్తించే మాట చెప్పాలంటే అట్లాంటి కట్టుదిట్టం తప్పదు. కాని అక్కడ తేలిన విత్తనాన్ని కూడా మా నాన్న ఒక్కసారిగా ఎకరమంతా వేయరు. ముందు ఒక మూల నాలుగు సాళ్ళు వేసి చూస్తారు. మా నేల, మా నీరు, మా అదను వేరు గనుక. ఫిషరు ప్రశ్న "ఏది మేలు?" అని. నాన్న ప్రశ్న "నా చేలో ఏది మేలు?" అని. చర్యాత్మక పరిశోధన రెండోదానికి చెందుతుంది. దీనితో సిద్ధాంతాలు స్థాపించబోతే తప్పు. అది మనకున్న ఒక్క తరగతి కూడా బాగుచేయలేదని కొట్టిపారేసినా తప్పే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పిల్లలు ప్రయోగశాలలో కప్పలు కారు. "పరీక్ష మీకు కాదు, నేను చెప్పే పద్ధతికి" అని వాళ్ళకు ముందే చెప్పాను. పుస్తకంలో ఎవరి పేరూ రాయలేదు. ఆ మాట చెప్పిన రోజునుంచే వాళ్ళు తప్పుల్ని దాచడం మానేశారని నాకనిపిస్తుంది. ఇది మాత్రం కొలిచి చెప్పింది కాదు.

మన కళాశాలలో

మిత్రులారా! ఇది పంతుళ్ళకు మాత్రమే సంబంధించిన విద్య కాదు. మనలో ఎందరో రేపు బి.ఎడ్.కు వెళ్ళేవారే, వెళ్ళనివారు కూడా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి నేర్పవలసినవారే. అధ్యాపకులకు ఒక చిన్న మనవి. వారానికొకసారి గంట చివర అయిదు నిమిషాలు వదిలి, పేరు రాయకుండా అరఠావుమీద "ఇవాళ నాకు తెలియనిది" అని ఒక్క వాక్యం రాయించండి. మేము "అర్థమైంది సార్" అని అరిచే అరుపులో ఎంత అబద్ధముందో ఆ అరఠావులు చెబుతాయి. మన వంతు మనం చేయాలంటే, తెలియనిది తెలియదని రాయడానికి ధైర్యం తెచ్చుకోవాలి.

అక్క ఆ రికార్డును తన పేరుతోనే, నా సాయం తీసుకొన్నట్టు రాసి మరీ పెట్టింది. వెనుక దించినదానికంటె పేజీలు తక్కువ, మార్కులూ కాస్త తక్కువే వచ్చాయట. దిగులు పడలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఆదివారాలు కోతలకు వెళుతూనే ఉంది, మిగతా రోజులు బడికి. మొన్న బీజగణితంలో ఒక లెక్క తప్పు చేసింది. పలక నా ముందు పెట్టి, "ఎట్లా చేశావని అడగవేం అన్నా?" అన్నది. అడిగాను. మూడు లెక్కపెట్టుకొంటూ ఆగాను.